మంగళగిరి దగ్గర మకాం: సందేహాలు - సమాధానాలు

డిసెంబరు సెలవులు దగ్గరపడేకొద్దీ మంగళగిరి గురించి వచ్చే ఉత్తరాలు ఎక్కువవుతాయి. చాలామంది అడిగేది ఒకటే: దర్శనం అయ్యాక ఇంకేం చూడాలి? విజయవాడకు పోయే దారిలో కారు ఆపి, పానకం తాగి, ఒక చీర కొనుక్కుని వెళ్లిపోయే ఊరని మంగళగిరికి పేరు పడిపోయింది. ఈ గాలి పీల్చి పెరిగినవాళ్లకు ఆ పేరు కష్టంగానే ఉంటుంది. ఇక్కడ చూడదగ్గవి ఒకే వేళకు దొరకవు. కొండ పొద్దున, మగ్గం పగలు, పిట్టలు పొద్దువాలాక. అందుకే కనీసం రెండు రాత్రులు ఉండేలా రమ్మని అందరికీ చెబుతుంటాను. ఈసారి వచ్చిన వాటిలో నలుగురికీ పనికొచ్చే ఉత్తరాలకు జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాయే. చాలా ఏళ్లుగా ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. ఏటా వేసవిలో లేక్ డిస్ట్రిక్ట్‌లో చెక్క లాడ్జి ఒకటి అద్దెకు తీసుకుని, చెరువు గట్లమ్మట నడుస్తూ, పడవెక్కుతూ నాలుగు రోజులు గడుపుతాం. ఈ డిసెంబరులో ఇద్దరు పిల్లలతో (13, 9 ఏళ్లు) వస్తున్నాం. ఉండవల్లి దగ్గర బంధువుల తోటలో ఇల్లు ఇస్తామన్నారు. అలాంటి సెలవు ఇక్కడ కుదురుతుందా? పిల్లలకు విసుగు పుడుతుందేమోనని మా వారి భయం.
— ఒక పాఠకురాలు, లీడ్స్

జవాబు: నిక్షేపంగా కుదురుతుందమ్మా. మీ బంధువుల తోట ఉన్న చోటు అలాంటిలాంటిది కాదు. ఉండవల్లి, పెనుమాక వైపు కృష్ణ ఒడ్డున ఉన్నవి జరీబు నేలలు. అరటి, పసుపు, కంద, కూరగాయలు, మల్లె, ఏడాది పొడవునా ఏదో ఒక పంట నిలబడే ఉంటుంది. తెల్లవారుజామున పూలు కోసే కూలీలు తోటల్లోకి దిగుతారు. మీ పిల్లల్ని ఒక్క రోజు ఆ వేళకు లేపండి చాలు. విసుగు మాట వాళ్ల నోట రాదు.

ఒక తేడా మాత్రం ముందే చెప్పాలి. ఇంగ్లండ్‌లో పొలాల మధ్య నుంచి జనం నడిచే బాటలకు చట్టం రక్షణ ఉంది. బోర్డు చూసుకుని ఎవరి పొలంలోంచైనా నడిచిపోతారు. ఇక్కడ అలాంటి బాటలు లేవు. గట్టెక్కాలంటే రైతును అడగాలి. అడిగితే కాదనేవారు అరుదు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో అరటిపండ్లు పెట్టి పంపినా ఆశ్చర్యపోకండి. మందు కొట్టిన పొలం అయితే రైతే వద్దంటాడు, ఆ మాట వినండి. ఎవర్నీ అడగకుండా నడవాలంటే కరకట్ట ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర నుంచి నది వెంటే పైకి సాగుతుంది. ఎండ ముదరక ముందు, వాహనాలు మొదలవక ముందు వెళ్లండి.

మొదటి రోజు పొద్దున కరకట్ట నడక, ఆ తర్వాత ఉండవల్లి గుహలు పెట్టుకోండి. సాయంత్రం సీతానగరం ఘాట్ దగ్గర కూర్చుంటే బ్యారేజీ మొత్తం కళ్లెదురుగా ఉంటుంది. 1850లలో కట్టిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో పూర్తయిన బ్యారేజీ ఇది. కిలోమీటరు పైచిలుకు పొడవు. కృష్ణా డెల్టా అన్నం ముద్దకు ఇదే ఆధారమని పిల్లలకు చెప్పండి. రెండో రోజు పొద్దున్నే మంగళగిరి కొండ మీది పానకాల స్వామి గుడి, మధ్యాహ్నం మగ్గాలు, సాయంత్రం దిగువన లక్ష్మీనరసింహ స్వామి గుడి. మూడో రోజు అమరావతి వెళ్లండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు తప్పించండి. మీ పిల్లలు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం చూసి ఉంటే అక్కడి అమరావతి పాలరాళ్లు గుర్తుండే ఉంటాయి. బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి తీసిన ఫలకాలవి. మద్రాసులో కొన్నేళ్లు ఉండి, తర్వాత ఓడెక్కి లండన్ చేరాయి. ఆ రాళ్లు నిలబడిన నేల మీద, ఆ బౌద్ధ మహాచైత్యం (పెద్ద స్తూపం) పునాదుల పక్కన మీ పిల్లలు నిలబడాలని నా కోరిక. అక్కడ మిగిలింది తక్కువే, నిజం. అయినా లండన్‌లో అద్దాల వెనక చూసినదానికి ఇక్కడే అర్థం తెలుస్తుంది.

పడవ విషయంలో నా మాట కచ్చితంగా వినండి. భవానీ ద్వీపానికి పర్యాటక శాఖ పడవలు విజయవాడ వైపు నుంచి వెళతాయి. అవే ఎక్కండి. లైఫ్ జాకెట్ తొడిగి, తాళ్లు బిగించాకే పిల్లల్ని పడవలో కాలు పెట్టనివ్వండి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. అది భవానీ ద్వీపం నుంచి పవిత్ర సంగమానికి బయలుదేరిన పడవే. ఒడ్డున నీళ్లు మోకాలి లోతు కనిపించినా దిగనివ్వకండి. ఇసుక తీసిన గుంతలు పైకి కనబడవు.

ప్రశ్న: మా అమ్మగారికి 74 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు. పానకాల స్వామిని చూడాలని ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు. మెట్లెక్కలేరు. పొద్దున హైదరాబాద్‌లో బయలుదేరితే సాయంత్రానికి దర్శనం అవుతుందా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సాయంత్రం అంటే కాదండి. పై కొండ మీద పానకాల స్వామి గుడి మధ్యాహ్నం మూడు గంటలకల్లా మూసేస్తారు. రాత్రివేళ దేవతలు వచ్చి స్వామిని కొలుస్తారని నమ్మకం. ఈ సంగతి తెలియక పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి, కొండ కింద నిలబడి పైకి చూసి వెనుదిరిగేవారు ప్రతివారం కనబడతారు. ముందురోజే వచ్చి రాత్రి ఇక్కడ నిద్ర చేయండి. పొద్దున్నే ఘాట్ రోడ్డు మీద కారులో పైకి వెళ్లిపోవచ్చు. కారు ఆగిన చోటు నుంచి గుడి దాకా నెమ్మదిగా చెయ్యి పట్టుకుని తీసుకెళితే సరిపోతుంది. కోతులు ఎక్కువ. పళ్లూ ప్రసాదాలూ కవర్లో ఊపుకుంటూ నడవకండి.

మీకు ఓపిక ఉంటే అమ్మగారిని కారులో పంపి మీరు మెట్లదారిన ఎక్కండి. ఈ మెట్లు 1890లో చన్నాప్రగడ బలరామదాసు గారు కట్టించినవి. దారిలో కుడిపక్కన శ్రీకృష్ణదేవరాయల కాలపు శాసనం, ఇంకొంచెం పైకి చైతన్య మహాప్రభువు పాదముద్రలు ఉంటాయి. కారులో వెళ్లేవారికి ఇవి దక్కవు. ఇంకా పైన శిఖరం మీది గండాలయంలో విగ్రహం ఉండదు, దీపమే ఉంటుంది. గండం గడవాలని మొక్కుకున్నవారు ఆ దీపానికి నెయ్యి ఇస్తారు. అక్కడికి కారు పోదు. అమ్మగారిని కిందే కూర్చోబెట్టి, మొక్కు ఉంటే మీరు వెళ్లి రండి. దిగువన లక్ష్మీనరసింహ స్వామి గుడి సాయంత్రం కూడా తెరిచే ఉంటుంది కాబట్టి తొందరపడక్కర్లేదు.

ప్రశ్న: పానకం పోస్తే స్వామి సరిగ్గా సగం తాగి సగం వదిలేస్తాడని, అంత బెల్లం ఒలికినా చీమ కనబడదని అంటారు. ఈ కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమనీ, అందుకే పానకం పోస్తారనీ మా అబ్బాయి ఎక్కడో చదివాడు. ఏది నిజం?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: కళ్లారా చూసేదేమిటో ముందు చెబుతాను. గర్భగుడిలో విగ్రహం లేదు. కొండరాతిలో జానెడు లోపు వెడల్పున తెరుచుకున్న నోరు, దానికి లోహపు ముఖం తొడుగు. మీరు తెచ్చిన బిందెలోని బెల్లం, మిరియాలు, యాలకుల పానకాన్ని అర్చకులు శంఖంతో ఆ నోట్లో పోస్తారు. గుటక వేసినట్టు గుడగుడమని చప్పుడు వస్తుంది. పోయగా పోయగా ఆ చప్పుడు సన్నగిల్లి ఆగుతుంది. అక్కడితో పోయడం ఆపి, మిగిలిన పానకాన్ని ప్రసాదంగా తిరిగి ఇస్తారు. బిందె చిన్నదైనా పెద్దదైనా సగమే స్వీకరిస్తాడని భక్తుల విశ్వాసం. చీమలు లేవన్న మాట చూసి వచ్చినవారంతా చెప్పేదే. మీరూ వంగి చూడండి, ఎవరూ వద్దనరు.

అగ్నిపర్వతం సంగతి మాత్రం కాదు. ఈ కొండలు తూర్పు కనుమల రాళ్లు. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిన అతి పురాతనమైన రాళ్లు, అగ్నిపర్వతం కక్కినవి కావు. గంధకం సెగ చల్లారడానికి పానకం పోస్తారన్న మాట ఎవరు మొదలుపెట్టారోగానీ, దాన్ని సైన్సు అనుకుని పిల్లలకు చెప్పకండి. నముచి అనే రాక్షసుణ్ణి చంపిన స్వామి ఉగ్రం పానకంతో శాంతించిందని స్థలపురాణం. పురాణాన్ని పురాణంగా చెబితే పిల్లలు హాయిగా అర్థం చేసుకుంటారు.

షుగరు ఉన్నవారు తీర్థంలా అరచేతిలో వేయించుకుని సరిపెట్టుకోండి. బిందెడు పానకం పంచడానికి కొండ మీద మనుషులకు కొదవ ఉండదు.

ప్రశ్న: మంగళగిరి చీరలు అసలైనవి కొనాలని ఉంది. షాపులో అన్నీ చేనేతే అంటారు. మగ్గం మీద నేసేటప్పుడు చూడనిస్తారా? ఎలా గుర్తుపట్టాలి?
— ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: చూడనిస్తారు, అడిగే తీరులో అడిగితే. రత్నాల చెరువు వైపు వీధుల్లో నడవండి. తలుపు తీసి ఉన్న ఇళ్లలోంచి మగ్గం చప్పుడు వినబడుతుంది. గుమ్మం దగ్గర ఆగి, "చూడొచ్చాండీ?" అని అడిగి, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లండి. అవి ఇళ్లు. ఆ మగ్గం పక్కనే వాళ్లు వండుకుంటారు, పడుకుంటారు. ఫోన్ పైకెత్తే ముందు ఇంకోసారి అడగాలి.

ఇక్కడివి గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వి ఉంటుంది. నేతగాడు గట్టు మీద కూర్చుని కాళ్లు గుంటలోకి జారవిడుస్తాడు. కాళ్లు కింద తొక్కుడు కర్రల మీద, ఒక చెయ్యి నాడె తాడు మీద, ఇంకో చెయ్యి పలక మీద. పడుగు పోగులు కొన్ని లేస్తాయి, కొన్ని దిగుతాయి. ఆ సందులోంచి నాడె అటు నుంచి ఇటు దూసుకుపోతుంది. పలక వచ్చి పేకను గుద్దుతుంది. కాసేపు నిలబడి చూడండి. ఎక్కడో ఒక పోగు తెగుతుంది. మగ్గం ఆగిపోతుంది. అతడు ముందుకు వంగి, వందల పోగుల్లో తెగినది ఏదో వేలి కొనతో వెతికి, రెండు కొసలూ కలిపి నలిపి ముడివేసి మళ్లీ కూర్చుంటాడు. వెలుతురు చాలని గదుల్లో రోజుకు ఎన్నిసార్లో ఇలా. కళ్లు, నడుము, మోకాళ్లు, ఈ మూడూ నేతగాళ్లను ముందుగా వదిలేసేవి. వానాకాలంలో గుంటల్లోకి నీరు ఊరితే నేత ఆగిపోతుంది, ఆ రోజుల కూలీ కూడా ఆగిపోతుంది. కాబట్టి జూలై నుంచి అక్టోబరు దాకా వచ్చేవారు మగ్గాలన్నీ నడుస్తుంటాయని అనుకోవద్దు.

ఇక గుర్తుపట్టడం. మంగళగిరి నేతలో ఒళ్లంతా సాదాగా ఉంటుంది, పనితనమంతా అంచులోనూ పైటలోనూ. నిజాం అంచు అంటే జరీలో గోపురాల వరుసలా కోసుగా లేచే అంచు. 80వ నంబరు నూలు, పడుగూ పేకా రెండూ. చేత్తో పట్టుకుంటే బిగువుగా, గట్టిగా, అయినా తేలిగ్గా ఉంటుంది. అంచు కొసను వెలుతురుకు పట్టి చూడండి. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా అడ్డంగా ఒక బద్ద బిగిస్తారు. దాని మొనలు గుచ్చుకున్న సూదిబెజ్జాలు అంచు పొడవునా సన్నగా కనబడతాయి. ఒళ్లంతా అచ్చు గుద్దినట్టు ఒక్కలా ఉండి, ఆ బెజ్జాలు లేకపోతే అనుమానించండి. చేనేత గుర్తున్న లేబుల్ అడగండి. మంగళగిరి చీరలకూ బట్టలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. మరమగ్గం మీద నేసిన నకలును ఆ పేరుతో అమ్మడం మోసమే.

బేరం గురించి నా అభిప్రాయం దాచను. చేనేత సొసైటీలోనో షాపులోనో బేరం మీ ఇష్టం. మగ్గం దగ్గర నేసిన మనిషితో మాత్రం బేరమాడకండి. ఆ ధరలో అతడి కూలీ ఎంతో అక్కడ నిలబడి చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: ఉండవల్లి గుహలు బౌద్ధులవా, హిందువులవా? గైడు ఒకటి చెప్పాడు, పుస్తకంలో ఇంకోటి ఉంది.
— ఒక ఉపాధ్యాయుడు, చీరాల

జవాబు: రెండు మాటలకూ ఆధారం ఉంది మాస్టారూ. కొండను పైనుంచి కిందికి నాలుగు అంతస్తులుగా తొలిచారు. విష్ణుకుండినుల కాలం నాటివని, నాలుగైదు శతాబ్దాలవని పండితుల అంచనా. గదుల అమరిక చూస్తే ఒడిశాలోని ఉదయగిరి, ఖండగిరి గుహలు గుర్తొస్తాయి. అందుకే మొదట ఇవి భిక్షువుల ఆవాసాలుగా మొదలయ్యాయని కొందరు అంటారు. మూడో అంతస్తుకు చేరేసరికి అనంతపద్మనాభుడు పడుకుని ఉంటాడు. ఒకటే రాయి, నిలువెత్తు మనుషులు ముగ్గురిని వరుసగా పడుకోబెట్టినంత పొడవు. లోపల చీకటి. తలుపు దగ్గర నిలబడితే పాదాలే కనబడతాయి. కళ్లు అలవాటు పడేదాకా ఆగితే శేషుడి పడగలు తేలతాయి. పైఅంతస్తు, కింది అంతస్తు పూర్తికాకుండానే ఆగిపోయాయి. ఉలి దెబ్బలు ఇంకా పచ్చిగా కనబడేది అక్కడే. మీ విద్యార్థులకు విగ్రహం కంటే ముందు ఆ సగం చెక్కిన గోడ చూపించండి. గుహను ఎలా తొలిచారో అదే పాఠం.

పానకాల స్వామి గుడి వెనుక ఉన్న బిలం నుంచి ఇక్కడికి సొరంగం ఉందని, ఆ దారిన మునులు కృష్ణ స్నానానికి వచ్చేవారని మా ఊళ్లో చెప్పుకుంటారు. కథ బాగుంది, కథగానే చెప్పండి. పెళ్లికి ముందు ఫోటోల కోసం శిల్పాల మీద ఎక్కేవారిని చూస్తే పిల్లల చేతే వారించండి. పెద్దలు చెప్తే వినరుగానీ పిల్లలు అడిగితే సిగ్గుపడి దిగుతారు.

ప్రశ్న: మే నెలలో పిల్లలకు సెలవులు. గుంటూరు మిర్చి యార్డు చూపించాలనుకుంటున్నాం.
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మే నెల వద్దు. ఏటా ఆ రోజుల్లోనే యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు. ఎండ 40 డిగ్రీలు దాటి, బండరాళ్ల కొండలు రాత్రికీ చల్లారవు. సెలవులు మార్చుకోలేకపోతే ఆ వారం సూర్యలంక సముద్రం ఒడ్డున ఉండి, మంగళగిరికి సంక్రాంతికి రండి.

మిర్చి చూడాలంటే ఫిబ్రవరి, మార్చి. యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) గుట్టల మధ్య హమాలీలు, కమీషన్ వ్యాపారులు, బిడ్డల చదువుకో అప్పుకో ధర కోసం ఎదురుచూసే రైతులు. అది వాళ్ల జీవనం, తిరునాళ్ల కాదు. చిన్నపిల్లల్ని, ఉబ్బసం ఉన్నవారిని లోపలికి తీసుకెళ్లకండి, ఘాటు గొంతుకు పట్టేస్తుంది. దానికన్నా ఫిరంగిపురం, మేడికొండూరు, ప్రత్తిపాడు వైపు పొలాల్లో కల్లాలు చూపించండి. పట్టాల మీద ఎర్రగా ఆరబోసిన కాయలు, పక్కన కూర్చుని తాలు ఏరే ఆడవాళ్లు. పత్తి తీతలు చూడాలంటే అదే దారిలో నవంబరు, డిసెంబరు.

ప్రశ్న: ఒక్క సాయంత్రం ఖాళీ ఉంది. ఉప్పలపాడు పిట్టలా, కొండవీడా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సాయంత్రానికి ఉప్పలపాడే. పెదకాకాని మండలంలో ఊరి చెరువు. అందులో తుమ్మచెట్లు, అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్లు, వాటి నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. పొద్దువాలుతుంటే మేతకు పోయినవి గుంపులుగా దిగుతాయి. అరవకుండా నిలబడితే చాలు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. కొండవీడు రెడ్డిరాజుల కోట, దానికి పూట చాలదు. 1515లో కృష్ణదేవరాయలు గెలిచిన కోట అది. ఆ విజయాన్ని చెప్పే శాసనం మంగళగిరిలోనే ఉంది. ముందు శాసనం చూసి, ఇంకోసారి తీరిగ్గా కోటకు వెళ్లండి.

ప్రశ్న: గాలిగోపురం అంత ఎత్తు ఎందుకు కట్టారు? తిరునాళ్లకు రావచ్చా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమరావతి ప్రభువు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు 1807-09 మధ్య దిగువ గుడికి కట్టించిన గోపురం అది. 11 అంతస్తులు, 153 అడుగుల ఎత్తు, 49 అడుగులే వెడల్పు. సన్నగా అంత పైకి లేవడమే దాని గొప్ప. కట్టాక ఒక పక్కకు ఒరిగిందనీ, ఎదురుగా కోనేరు తవ్విస్తే సరిపోయిందనీ చెబుతారు. ఎత్తు ఎందుకన్నారు. నేల మీద ఎంత దూరం నుంచైనా స్వామి గుడి ఆనవాలు తెలియాలని కావచ్చు. ఇప్పటికీ రైల్లో విజయవాడ దాటి గుంటూరు దారి పట్టగానే కిటికీలోంచి వెతుక్కునేది దాన్నే.

తిరునాళ్లకు తప్పక రండి. ఫాల్గుణ మాసంలో కల్యాణం, మర్నాడు రథోత్సవం. సాధారణంగా మార్చిలో పడుతుంది. ఆ రెండు రోజులూ ఊళ్లో గది దొరకదు, నెల ముందే చెప్పి పెట్టుకోండి. రథం తాడు దగ్గరికి చిన్నపిల్లల్ని తీసుకెళ్లకండి, మేడ మీద నుంచి చూపించండి. ప్రశాంతంగా ఉండాలనుకునేవారు ఆ వారం మానుకుని నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు ఎప్పుడైనా రండి. మంగళగిరికి రైలు స్టేషను ఉంది, జాతీయ రహదారి ఊరి పక్కనే, విజయవాడ పన్నెండు కిలోమీటర్లు, గుంటూరు ఇరవై. గది మాత్రం విజయవాడలో కాకుండా ఇక్కడే తీసుకోండి.